మా మేనత్త ఉయ్యాల గొలుసులు

విజయనగరంలో మా మేనత్త ఇంటి నడవలో ఒక ఉయ్యాల బల్ల ఉంది. దానికి నాలుగు ఇత్తడి గొలుసులు, ఒక్కొక్కటి ఆరడుగులు. నేను టేపు పెట్టి కొలిచాను. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం అవే గొలుసులు పది నిమిషాలు ఊగేసరికి జానెడు పెరిగేవి. ఇంకాసేపు ఊగనిస్తే బల్ల నేలను తాకి, అక్కడైనా ఆగకుండా గచ్చులోకి దిగిపోయేది. ఎనిమిదేళ్ల పరిశోధనలో నేను సాధించింది ఇది.

నా పీహెచ్‌డీ అంశం, కట్టుబాట్లున్న యంత్రాల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టడం. స్థానిక ప్రయోజనం ఉండాలని గైడు పట్టుబట్టారు కాబట్టి మేనత్త ఉయ్యాలను తీసుకున్నాను. గొలుసు పొడుగు మారకూడదన్నది ఇక్కడి కట్టుబాటు. దాన్ని కంప్యూటర్‌కు నేరుగా చెప్పం. త్వరణాల రూపంలోకి మార్చి చెబుతాం. అది త్వరణాల దగ్గర నిజాయితీగానే ఉంటుంది. కానీ సెకనులో వెయ్యో వంతు చొప్పున అడుగులేస్తూ లెక్క కడుతుంటే అడుగడుక్కీ వెంట్రుకవాసి తేడా మిగిలిపోతుంది. అసలు పొడుగు ఎంతయిందో చూసుకోమని దానికెవరూ చెప్పలేదు, కాబట్టి అది చూసుకోదు.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది స్థిరీకరణ. తప్పు ఎంతుందో, ఎంత జోరుగా పెరుగుతోందో చూసి, ఆ మేరకు అడుగడుగునా వెనక్కి లాగడం. మా మేనత్త పిల్లలకు సంగీతం చెప్పేటప్పుడు చేసేది అదే. తాళం జారితే తొడ మీద ఒక చరుపు, ఇంకా జారితే ఇంకాస్త గట్టి చరుపు. నా తొడకు ఆ సంగతి బాగా తెలుసు. రెండో మందు ప్రొజెక్షన్. జారితే జారనిచ్చి, అడుగు పూర్తికాగానే బల్లను తీసుకెళ్లి అది ఉండాల్సిన చోటికి దగ్గరి దారిలో నెట్టేయడం.

కొత్తవలస దారిలో నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీకి ఈ రెండో మందంటేనే గురి. ఏడాది పొడుగునా అన్నింటినీ జారనిచ్చేవారు. తనిఖీ బృందం రేపు వస్తుందనగా, అన్నింటినీ ఉండాల్సిన చోటికి నెట్టేసేవారు. యాజమాన్యం వారి ఇంకో కాలేజీ నుంచి లేతు మిషను లారీలో దిగేది. వాళ్ల బంధువర్గంలో కోటు ఉన్నవాళ్లందరూ ఆ ఒక్కరోజుకు ప్రొఫెసర్లు. వారిలో ఒకాయన భోజనాల దగ్గర తనది ఏ బ్రాంచో మర్చిపోయి నన్నడిగాడు. సివిల్ అని చెప్పాను. స్టాఫ్ రూములో ఈ వ్యవహారం మీద నేను వేసినన్ని జోకులు ఎవరూ వేయలేదు.

నా పరిశోధన ఎనిమిదో ఏట, నవ్వు ఆగిపోయే కాగితం ఒకటి కాలేజీ నుంచి నా చేతికొచ్చింది. విద్యా సంవత్సరం ముగిసేలోగా థీసిస్ సమర్పించకపోతే ఉద్యోగం ఉండదు. సమర్పించాలంటే ముందు యూనివర్సిటీలో సెమినారు ఇచ్చి కమిటీని ఒప్పించాలి. గొలుసులు పెరిగే ఉయ్యాలతో ఎవరిని ఒప్పిస్తాను?

స్థిరీకరణకు రెండు అంకెలు ఎంచుకోవాలి, తప్పును చూసి ఎంత గట్టిగా లాగాలో ఒకటి, దాని జోరును చూసి ఎంత లాగాలో ఒకటి. అయిదూ అయిదూ వేయమన్నారు గైడు. ఎందుకు అయిదంటే, ఆయన గైడూ అదే వేశారట. మా హెచ్చోడీగారు రెండూ కలిపితే తొమ్మిది రావాలన్నారు, తన కారు నంబరులాగే. అయిదులతో గొలుసు పెరగడం తగ్గింది కానీ ఆగలేదు. విసిగిపోయి పెద్ద అంకెలు వేస్తే లెక్క బిగుసుకుపోయి, ఒక్క ఊపులో బల్ల ఇంటి కప్పు దాటి పోయింది. తొమ్మిది కూడా వేసి చూశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఇక ప్రొజెక్షన్ మిగిలింది. దానికి నాలుగో గొలుసు అడ్డం పడింది. బల్ల వంగదు కాబట్టి మూడు గొలుసుల సంగతి చెబితే నాలుగోదాని సంగతి దానంతటదే తేలిపోతుంది. చెప్పిందే మళ్లీ చెప్పేసరికి లెక్క తికమకపడి సున్నాతో భాగించమనేది. సెమినారుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నేను లెక్కను వదిలేసి బొమ్మను బాగుచేశాను. లోపల బల్ల ఎక్కడికి జారినా సరే, తెర మీద మాత్రం గొలుసును సరిగ్గా ఆరడుగులకు కత్తిరించి గీయమని, గ్రాఫులోనూ ఆరడుగులే చూపమని నాలుగు లైన్లు రాశాను. అద్భుతంగా వచ్చింది.

మర్నాడు సాయంత్రం మేనత్తకు చూపించాను. తన ఉయ్యాల కంప్యూటర్‌లో ఊగుతోందని ముచ్చటపడి, కళ్లజోడు తుడుచుకుని ముందుకు జరిగింది. బల్ల ఊపుకు తగ్గట్టు అలవాటుగా తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. నేను ఫిల్టరు కాఫీ కలుపుకొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఒక దారిన, బల్ల ఇంకో దారిన పోతున్నాయి.

"ఒరే, ఇది నీరసపడిపోతన్నాది," అంది. "మొదట్లో ఉన్న నడక ఇప్పుడు నేదు."

ఆవిడ చెయ్యే తొందరపడుతోందేమో అన్నాను. యాభై ఏళ్లుగా కాలప్రమాణం తప్పని చేతిని పట్టుకుని ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. ఆవిడ కోపగించుకోలేదు.

"సిన్నప్పుడు నీ కాళ్లు అందటం నేదని మీ మావ గొలుసు కిందికి దించినాడు, గుర్తుందా? అప్పుడు ఇలాగే మందంగా ఊగేది. పైకి బానే కనిపిస్తంది గానీ, దీని గొలుసు ఎక్కడో పెరుగుతన్నాదిరా."

పొడుగు పెరిగితే ఊపు నెమ్మదిస్తుందని నేను ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతాను. పొడుగును దాచాను కానీ ఊపును దాచడం నాకు తట్టలేదు. సిగ్గేసింది. సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి కమిటీలో సంగీతం వచ్చినవాళ్లెవరూ లేరులే అన్నాను.

నిజంగానే లేరు. సెమినారు రోజున ముగ్గురు పెద్దలు ఉయ్యాలను చూసి తలలూపారు. ఒకాయన గొలుసు పొడుగు గ్రాఫు చూపించమన్నారు. చూపించాను, గీత గీసినట్టుంది. గీసింది నేనే మరి. గైడు ముఖం వెలిగిపోయింది. ఇంకో అయిదు నిమిషాలు ఊగితే నా ఉద్యోగం నిలబడినట్టే. అప్పుడు చూసుకున్నాను, నా కుడిచెయ్యి ముందున్న టేబుల్ అంచు మీద తాళం వేస్తోంది. ఎప్పుడు మొదలెట్టానో తెలియదు. చెయ్యి ముందు, ఉయ్యాల వెనక. ఆపుదామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. చిన్నప్పుడు తిన్న చరుపులన్నీ దాంట్లో ఉన్నాయి.

"క్షమించండి, ఈ గొలుసు పెరుగుతోంది. ఇది నేను దిద్దిన బొమ్మ," అన్నాను.

ముగ్గురు పెద్దలూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. తర్వాత ఆరు నెలలు ఆగి మళ్లీ రమ్మన్నారు. గైడు నన్ను అక్కడే వదిలేసి క్యాంటీనుకు వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా కాలేజీకి తనిఖీ వచ్చిపడింది. ముందురోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి కుర్చీ వేయించారు. ఆయన ముందున్న జాబితాలో నా పేరు ఎదురుగా థీసిస్ సమర్పించారు అని అప్పటికే టైపయి ఉంది. నాకోసం లేతు మిషను లారీ ఎక్కించినంత పని చేశారు పాపం.

"సంతకం పెట్టీండి మాస్టారూ," అన్నారు ప్రేమగా. "ఉద్యోగానికి ఏటీ అవదు. ఆరు నెలల్లో ఎలాగా ఇచ్చీస్తారు కదా."

నాకు చాలా భయంగా ఉంది. ఇంటి అద్దె, మా పిల్లదాని స్కూలు ఫీజు, అన్నీ గుర్తొచ్చాయి. పెన్ను తీసుకుని సమర్పించారు అన్నది కొట్టేసి, సమర్పించలేదు అని రాసి, దానికింద సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని నెమ్మదిగా చించి, నా పేరు లేని జాబితా ఇంకొకటి టైపు చేయించారు. తనిఖీ ఎప్పటిలాగే దివ్యంగా జరిగింది. నా స్థానంలో ఆ సివిల్ ప్రొఫెసరుగారు మెకానికల్‌లో కూర్చున్నారట.

ఉద్యోగం లేని మొదటి వారం మేనత్త ఉయ్యాల మీదే గడిచింది. కిర్రుమంటోంది, నూనె వేయమందావిడ. వేస్తూ గొలుసులు ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. మూడు బిగువుగా ఉన్నాయి. నాలుగోది వేలితో ఆడిస్తే ఆడుతోంది.

"అదెప్పుడూ అంతే," అంది మేనత్త. "మూడే మోస్తాయి. అది ఊరికే తోడుంటాది."

ఎనిమిదేళ్లు దాని మీదే కూర్చుని లెక్కలు కట్టాను. టేపు పెట్టి కొలిచానే గానీ, ఒక్కసారీ వేలితో ఆడించి చూడలేదు. నాలుగో గొలుసును లెక్కలోంచి తీసేసి, మిగతా మూడింటికీ అడుగడుగునా నిజమైన ప్రొజెక్షన్ పెట్టాను. బల్ల చోటునే కాదు, వేగాన్ని కూడా సరిదిద్దాను. అది నెల రోజుల పని అయింది.

బొబ్బిలిలో ఒక పాలిటెక్నిక్‌లో పాత జీతంలో సగానికి చేరాక, ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి మేనత్త ముందు పెట్టాను. ఆవిడ తాళం మొదలెట్టింది. నేను తెర వైపు చూడలేదు, ఆవిడ చేతినే చూశాను. గోడ గడియారంలో పది నిమిషాలయ్యాయి. అప్పుడు తల తిప్పి తెర చూశాను. చెయ్యి తొడ మీద పడిన క్షణానే బల్ల వెనక్కి తిరుగుతోంది.

ఆవిడ చెయ్యి ఆపి, నా తొడ మీద మెల్లగా ఒక్క చరుపు చరిచింది. నాకు ఏడుపొచ్చింది.