లవంగనూనెలో మా అమ్మ వజ్రం

యుద్ధం రోజులు. బళేపేటలో మాది గాజుల అంగడి. పుట్టింది గాజుల మధ్య, పెరిగింది బేరాల మధ్య. చిక్కపేటంతా వెతికినా నన్ను మోసం చేసే మొనగాడు లేడని నా నమ్మకం. ఆ ధీమాతోనే, బర్మా నుంచి నడిచొచ్చానన్న ఒకడి దగ్గర అమ్మకు వజ్రం ముక్కుపుడక కొన్నాను. లేచి వెళ్ళిపోతున్నట్టు నటించి, వాడే నా చొక్కా పట్టి వెనక్కి లాగేదాకా బేరమాడాను. యలహంకలో మా పిన్నమ్మ కూతురి పెళ్ళికి అమ్మ అది పెట్టుకుని వెళ్ళాలి. ఆ సంగతి వీధంతా చెప్పేసింది కూడా.

పెళ్ళి ముందురోజు పుడకకు మెరుగు పెట్టించి తెస్తూ మా అంగడి పక్కనున్న నూనెల అంగడిలో ఆగాను. అంగడి మామ లవంగనూనె గిన్నెలో చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

"ఏం మామా, నూనెలో చేపలు పడతా ఉండావా?"

"గాజుకడ్డీ విరిగి పడిందప్పా. చేతికి తగలతా ఉండాది, కంటికి కనపడదు."

వంగి చూశాను. గిన్నె అడుగుదాకా తేటగా ఉంది. కడ్డీ లేదు. మామ పైకి తీశాడు, ఉంది! ముంచాడు, లేదు! మా అంగడికి పరుగెత్తి తెల్ల గాజుముక్క తెచ్చి వేశాను. అదీ మాయం. నీళ్ళలో వేస్తే మాత్రం కనబడింది.

బడిలో చెప్పిన పాఠం అప్పుడు నా బుర్రకెక్కింది. గాలిలోంచి గాజులోకి పోతూ వెలుగు వంగుతుంది. ఆ వంపు వల్లే గాజు అంచు కంటికి ఆనుతుంది. ఈ నూనె కూడా వెలుగును దాదాపు గాజు వంచినంతే వంచుతుంది. నూనెలోంచి గాజులోకి పోయే వెలుగుకు మలుపే లేనప్పుడు ఇక అంచెక్కడ కనబడుతుంది!

"వజ్రమైతే ఇంకా గట్టిగా వంచుతుంది మామా. నూనెలో కూడా ధగధగలాడుతుంది, చూడు!" అని పుడక పడేశాను.

బంగారు గూడు కనబడింది. మధ్యలో రాయి లేదు.

"మాయమైపోయింది! రండప్పా రండి, మా అమ్మ వజ్రం చూడండి!" అంటూ వీధిలోకి వచ్చి కేకలు పెట్టాను. జనం మూగారు. కనబడినవాడికల్లా వెలుగు వంపు గురించి చెబుతున్నాను. ఒక ముసలాయన నింపాదిగా అడిగాడు.

"అయితే గాజులంగడోడి కొడుకు గాజును కొన్నాడా అప్పా?"

నా పరువుకు నేనే దండోరా వేసుకుంటున్నానని అప్పటిదాకా తట్టలేదు. గుంపు వెనక అమ్మ. అంతా వినేసింది. అమ్మ వచ్చి పుడక తీసి, కొంగుతో తుడిచి, ఎండకు పట్టింది. తళుక్కుమంది.

"బయట మెరస్తా ఉండాది కదరా?"

"గాలిలో మెరుస్తుందమ్మా. నూనెలోనే కనబడదు."

"మరింకేం? యలహంకోళ్ళు నా మొహం నూనెలో ముంచి చూస్తారా?" అక్కడే ముక్కుకు పెట్టుకుంది. "నువ్వు మాత్రం పెళ్ళిలో నోరు తెరవొద్దు."