మౌ అక్క పెంచిన చిన్నది

మా జూలో మౌ కైజెన్ ఎక్కడుందో తెలియాలంటే పొగమంచులో కదలకుండా నిలబడిన చీపురు కోసం చూడాలి. ఆ చీపురు పట్టుకుని మౌ అక్క ఉంటుంది, సగం నిద్రలో, పెదవుల మీద ఎవరికోసమో తెలియని చిన్న నవ్వుతో. "ఏ లోకంలో ఉన్నావే తల్లీ?" అని నేను అరిస్తే, "ఇక్కడే ఉన్నా కదే లియావ్, మెల్లగా అనరాదూ, పాండాలు పడుకున్నాయి," అనేది. పాండాలు పడుకోని వేళంటూ ఉంటేగా!

నేను పాండాల వంటింట్లో ఉంటాను. మొక్కజొన్న పిండి, సోయా పిండి కలిపి వాటికి ఆవిరి మీద రొట్టెలు ఉడికించడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను. తనకి ఏనాడూ అంత శ్రద్ధగా వండిపెట్టలేదని మా ఆయన దెప్పుతాడు, అబద్ధం కాదు. మౌ అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. పైన తేయాకు కొండల్లో పుట్టి, పంతొమ్మిదేళ్లకి జూలో దారులు ఊడ్చే పనికి దిగొచ్చింది. తర్వాత పాండాల ఇంటికి మార్చారు. మొగుడి పేరు టాంగ్, బస్సు నడుపుతాడు, బస్సు లేనప్పుడు మాజాంగ్ ఆడతాడు. పిల్లల్లేరు. ఆ ఊసెత్తితే మౌ అక్క టీ గ్లాసులో వేడినీళ్లు పోసుకొస్తానని లేచి వెళ్లేది, ఇక ఆ పూటకి తిరిగొచ్చేది కాదు.

మా ఊళ్లో ఏడాదిలో సగం రోజులు ఎండ మొహం కనబడదు. మంచు కొండ దిగొచ్చి వెదురు పొదల్లో కూర్చుంటుంది. ఆకుల మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు, ఎక్కడో వెదురు విరుస్తున్న పళ్ల చప్పుడు, అంతే. అలాంటి ఊళ్లో మనిషి కలలో నడుస్తున్నట్టు తిరిగితే తప్పేముంది? కానీ మౌ అక్క చేతులు మాత్రం కలలో ఉండేవి కావు. పుట్టిన పాండా పిల్ల మన అరచేతికి సరిపోతుంది. గులాబీ రంగులో, వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని, దోసకాయ ముక్కంత బరువుంటుంది. దాన్ని పట్టుకోమంటే నాకు చెమటలు పట్టేవి. మౌ అక్క చేతిలో మాత్రం అది ఏడుపు ఆపేది.

ఆ సంవత్సరం ఆగస్టు వానల్లో షావ్‌చింగ్ అనే ఆడ పాండాకి కవలలు పుట్టాయి. పాండా తల్లి కవలల్లో ఒకదాన్నే ఎత్తుకుంటుంది, రెండోదాన్ని సిమెంటు నేల మీద వదిలేస్తుంది. అది దుర్మార్గం కాదు, దానికున్న పాలు, ఓపిక ఒకదానికే చాలతాయి. అందుకని మా వాళ్లు తల్లిని మోసం చేస్తారు. పాండాల ఇంటికి పెద్ద అయిన యాన్ మేస్త్రి ఊచల సందులోంచి తేనెనీళ్ల గిన్నె అందిస్తాడు. షావ్‌చింగ్ రెండు చేతులా గిన్నె పట్టుకుని, కళ్లు మూసుకుని తాగుతుంది. ఆ లోపల ఒళ్లో ఉన్న పిల్లని లాగేసి, వెచ్చటి పెట్టెలో ఉన్న రెండోదాన్ని, తల్లి పడుకునే గడ్డితో బాగా రుద్ది, అక్కడ పెట్టేస్తారు. ఐదు రోజులు ఒకటి, ఐదు రోజులు ఇంకొకటి. రెండూ తల్లి పాలు తాగుతాయి, తల్లి నాలుక తగిలి పెరుగుతాయి. షావ్‌చింగ్ లెక్కలో మాత్రం తనకి ఒక్కటే బిడ్డ.

నూరో రోజు దాకా పేరు పెట్టరు కాబట్టి మేము పెద్దది, చిన్నది అనేవాళ్లం. ఏది ఏదో తెలియడానికి చిన్నదాని పొట్ట మీద ఊదారంగు మందుతో బొట్టు పెట్టేవారు. తల్లి దాన్ని నాకి నాకి చెరిపేసేది. మళ్లీ పెట్టేవారు. పిల్లల్ని మార్చేది యాన్ మేస్త్రి, లోపలి గదిలో తుడిచి, రుద్ది, బొట్టు పెట్టి చేతికిచ్చేది మౌ అక్క. మేస్త్రికి అప్పటికే రెండు కళ్లలోనూ శుక్లాలు. కళ్లద్దాల మీద మంచు పడితే ఆయనకి బొట్టు తప్ప ఇంకేమీ ఆనేది కాదు.

నెల రోజులు దాటాక ఒక మధ్యాహ్నం, వేడినీళ్ల కెటిల్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లాను. మౌ అక్క దూదిని ఊదారంగు మందులో ముంచుతోంది. ముందున్నది పెద్దది. చిన్నది ఆమె దూదికోటు లోపల, గుండె మీద నిద్రపోతోంది.

"అది పెద్దది కదే మౌ అక్కా! దానికి బొట్టేంటి?"

"గట్టిగా అనకు. తలుపెయ్."

"మళ్లీ పెద్దదాన్నే పంపిస్తున్నావా లోపలికి? ఎన్నిసార్లు చేశావిలా?"

"ఇది రెండోసారి. పోయినేడు షావ్‌చింగ్ నిద్రలో పిల్ల మీదకి పొర్లి దాన్ని చంపేసింది, మర్చిపోయావా? దాని ఒళ్లో పిల్లని పెట్టడానికి తుడిచిచ్చింది ఈ చేతులే. పెద్దది గట్టిది, నలిగితే ఊరంతా లేచేలా అరుస్తుంది. ఈ పిచ్చిముండ అరిస్తే నాకే వినబడదు."

"తల్లిపాలో?"

"సీసా పాలు గుటగుటా తాగుతోంది. బుగ్గలు చూడు." కోటు గుండీ విప్పి చూపించింది. చిన్నదానికి కళ్ల చుట్టూ నల్లటి మచ్చలు అప్పుడే దిగుతున్నాయి. "మేస్త్రికి చెప్తావా?"

చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ ఆ కెటిల్ ఎత్తినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది. కానీ ఆమె మొహంలో ఆ పూట నిద్రమత్తు లేదు. పాతికేళ్ల తర్వాత మెలకువ వచ్చిన మనిషిలా ఉంది. దాన్ని చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు.

అలా ఇంకో నెలన్నర గడిచింది. ఐదు రోజులకోసారి తేనెనీళ్ల గిన్నె లోపలికి వెళ్లేది, పెద్దది బయటికొచ్చి, బొట్టు పెట్టించుకునో చెరిపించుకునో మళ్లీ లోపలికే వెళ్లేది. చిన్నది మౌ అక్క కోటులోనే పెరిగింది. కళ్లు తెరిచినప్పుడు మొదట చూసింది ఆమెనే. ఆ గది ఎప్పుడూ వెచ్చగా ఉండేది, పెట్టె సన్నగా రొద పెట్టేది, కిటికీ అద్దాల మీద వాననీళ్లు జారేవి. మౌ అక్క గోడకి ఆనుకుని, తన ఊరి తేయాకు కొండల గురించి దానికి ఏదో చెబుతూ ఉండేది. ఆమె కునుకు తీస్తే అదీ కునుకు తీసేది. తలుపు దగ్గర నిలబడి ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకూ కళ్లు మూతలు పడేవి, పొయ్యి మీద రొట్టెలు మాడేవి.

నూరో రోజు దగ్గర పడింది. అప్పటికల్లా రెండు పిల్లల్నీ కలిపి తల్లి దగ్గర వదలాలి. వదిలారు. షావ్‌చింగ్ చిన్నదాన్ని వాసన చూసి, నేల మీద చెత్త తోసినట్టు చేత్తో పక్కకి తోసేసింది. చిన్నది కూడా తల్లి వైపు చూడలేదు. పొట్ట మీద పాక్కుంటూ ఊచల దగ్గరికొచ్చి, అవతల ఉన్న మౌ అక్క రబ్బరు బూట్ల కోసం ఏడ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అధికారి వచ్చి చూసి, ఇంకో వారం చూద్దామనీ, కుదరకపోతే దాన్ని దూరంగా వేరే రాష్ట్రంలో ఒక జూకి పంపుదామనీ అన్నాడు. అక్కడ అద్దాల గదిలో ఒంటరిగా పెట్టుకుంటారట. మనుషుల చేతుల్లో పెరిగింది కాబట్టి ఫొటోలకి బాగుంటుందట.

మధ్యాహ్నం వంటింట్లో నూడుల్స్ తింటూ యాన్ మేస్త్రి తల పట్టుకున్నాడు. "రెండు నెలలుగా దీన్ని ఒళ్లో పెట్టుకుని పాలిచ్చింది కదా! ఇప్పుడేం పుట్టింది దీనికి?"

మౌ అక్క గిన్నె కింద పెట్టింది. "ఇవ్వలేదు మేస్త్రీ. చిన్నదాన్ని నేను లోపలికే పంపలేదు. నా దగ్గరే ఉంచుకున్నా. బొట్లు మార్చా."

మేస్త్రి మిరపనూనె తేలే గిన్నెని పక్కకి జరిపేశాడు.

"నిన్ను తిడితే నాకే ఆయాసం, అమ్మా," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా నేను తల్లి పాండాని మోసం చేస్తున్నా. నువ్వు నన్నే మోసం చేశావు, బాగుంది. ఒక్క మాట చెప్తా విను. నీ వాసనే దానికి అమ్మ. ఇద్దరమ్మలుంటే అది బతకదు. ఒకళ్లు పోవాలి. షావ్‌చింగ్ ఎక్కడికి పోతుంది? గదిలో ఉంది."

మౌ అక్క తలాడించింది. కోటు విప్పి నా ముందు బల్ల మీద పెట్టింది. మేస్త్రి దాన్ని నా రొట్టెల పొయ్యిలోనే కాల్చేశాడు. ఆ సాయంత్రం నుంచి ఆమె పాండాల ఇంటి ఛాయలకి రాలేదు. గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో పెట్టారు.

చిన్నది రెండు రోజులు సీసా ముట్టుకోలేదు. ఊచల దగ్గర బూట్ల కోసం వెతికింది. పని అయ్యాక నేను గేటు దగ్గరికి వెళ్లేదాన్ని. మౌ అక్క ఒక్కటే అడిగేది.

"తాగిందా?"

"లేదు."

"మంచిది, ఆకలెయ్యాలి," అని అటు తిరిగి ముక్కు చీదేది.

మూడో రోజు మేస్త్రి తన పాత మోసాన్ని తలకిందులు చేశాడు. తేనెనీళ్ల గిన్నె ఇచ్చి, పెద్దదాన్ని బయటికి తీసేసి, దాని బదులు ఒళ్లో ఏదీ పెట్టలేదు. గిన్నె ఖాళీ అయ్యాక షావ్‌చింగ్ ఒళ్లోకి చూసుకుంది. ఎవరూ లేరు. గడ్డంతా తిరగేసింది. గొర్రెలా సన్నగా అరుస్తూ గది చుట్టూ తిరిగింది. మూలన, తల్లి పడుకునే గడ్డిలో మేస్త్రి పడుకోబెట్టిన చిన్నది ఆకలికి తాళలేక తనూ అరిచింది. షావ్‌చింగ్ ఆగింది. వాసన చూసింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. నేను రొట్టెల బుట్ట దించడం మర్చిపోయి అక్కడే నిలబడ్డాను. తోసేస్తే ఇక ఆ దూరపు జూలో అద్దాల గదే దానికి గతి. వాన ఆగి మళ్లీ మొదలైంది. అప్పుడు షావ్‌చింగ్ వంగి, దాన్ని నోటితో పట్టుకుని ఎత్తి, గుండెకి చేర్చుకుని నాకడం మొదలుపెట్టింది.

గేటు దాకా పరుగెత్తాను, నా ఒళ్లు చూసిన వాళ్లెవరూ నమ్మరు. "ఎత్తుకుంది!" అన్నాను. మౌ అక్క ఎవరో పెద్దాయన టికెట్ నాలుగు ముక్కలు చేసేసింది. ఆయన తిట్టాడు. ఆమె నవ్వుతూ ఆ ముక్కలే ఆయన చేతిలో పెట్టింది.

కొన్నాళ్లకి పెద్దదాన్ని కూడా తిరిగి లోపల పెడితే షావ్‌చింగ్ కాదనలేదు. దాని లెక్క ఇద్దరికి పెరిగింది. నూరో రోజున చిన్నదానికి మాన్‌మాన్ అని పేరు పెట్టారు, అంటే మెల్లగా మెల్లగా అని. మౌ అక్క రాలేదు. పేరు పెట్టే వేడుకకి వండిన దీర్ఘాయుష్షు నూడుల్స్ గిన్నె గేటు దగ్గరికి నేనే పట్టుకెళ్లాను. పేరు విని, "అవును, అది పాలు కూడా అలాగే తాగేది," అంది.

వసంతంలో మేస్త్రి వచ్చి, ఇక చూడొచ్చు, జనంలో నిలబడి, నోరు మెదపకుండా చూసి వచ్చెయ్ అన్నాడు. ఆమె పక్కన నేనూ నిలబడ్డాను. మంచులో చెక్క మంచెల మీద రెండు పిల్లలూ దొర్లుతున్నాయి. మాన్‌మాన్ బాగా పైకెక్కింది. కాలు జారి, దబ్బున కింద పడి, అదే పాత గొంతుతో ఏడ్చింది.

మౌ అక్క ఒక అడుగు ముందుకేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాన్‌మాన్ తల తిప్పి జనం వైపు చూసింది. మమ్మల్నీ చూసింది, మా పక్కన గొడుగు పట్టుకున్న పెద్దమనిషినీ చూసింది. తర్వాత తల్లి ఎక్కడుందో వెతుక్కుని, ఏడుస్తూనే అటు పరుగెత్తింది. షావ్‌చింగ్ వెదురు పక్కన పడేసి దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"నన్ను గుర్తుపట్టలేదు, చూశావా?" అంది మౌ అక్క.

"ఏడుస్తున్నావా?"

"ఏడుస్తున్నా. నీకేం? నువ్వూ ఏడుస్తున్నావుగా. చూడవే, అమ్మ దగ్గరికి ఎంత తిన్నగా పోయిందో. దారి తప్పలేదు."