అవ్వ పాటను అందుకునేవాళ్లు

బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో పుట్టిన కావ్య నడక కంటే ముందు తాళం నేర్చింది. వాళ్ల అవ్వ సాయవ్వ వాకిట్లో నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని బీడీలు చేసేది. తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడుకు తగ్గట్టు పాట ఎత్తేది. పిల్ల పక్కనే కూర్చుని పాలడబ్బా మీద దరువేసేది.

పెద్దయ్యాక ఆ చేతుల్లోకి డ్రమ్ములొచ్చాయి. మొదటి రోజు వాయింపుకే ఫ్యాక్టరీ సైరన్ దానంతటదే మోగి, పాత కార్మికులు టిఫిన్ డబ్బాలతో గేటుదాకా ఉరికారట. నమ్మనివాళ్లు దగ్గర్లోని నవీపేట్ వెళ్లి చూడవచ్చు. ఆ దరువు విన్న అక్కడి ఎడ్లు ఇప్పటికీ తాళం తప్పకుండా నడుస్తాయి.

కావ్య వాయించే రాక్ బ్యాండ్ పేరు ‘పిప్పి’. గిటారుతో పాడేది భానుప్రసాద్, బాస్ గిటారు దేవిదాస్‌ది. తమకు సంగీతం పిచ్చి పట్టించినవాళ్ల పాటలను తమ తీరులో పాడి ఆల్బమ్ చేద్దామనుకున్నారు. వాళ్లిద్దరూ సముద్రాల అవతలి పాటలు ఎంచుకున్నారు.

“నాది అవ్వ పాట,” అంది కావ్య.

“గది రాక్ గాదు, బీడీల పాట,” అన్నాడు భాను.

“నీకు గిటారు మీద మనసు పుట్టించినోళ్ల పాట నువ్వు పెట్టినవ్. నాకు దరువు నేర్పింది అవ్వ. ఆమె పాట లేకుంటే నా డ్రమ్ములు గూడ ఉండయ్.”

భాను దిగొచ్చాడు. “సరే. ఆదివారం పొద్దుగూకేదాక స్టూడియో మనది. గాలోపు కుదరకుంటే ఇంగ్లీషు పాటే.”

ఆదివారం సాయవ్వ చాట, కత్తెర పట్టుకుని నిజామాబాద్ స్టూడియోలో దిగింది. రికార్డింగ్ చేసే రాజేష్ ఆమెను అద్దాల గదిలో ఒంటరిగా కూర్చోబెట్టాడు.

“చెరుకుతోట గాలి వచ్చెనే చెల్లెలా...”

అంతే, ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టించారు. మళ్లీ అదే చరణం, అక్కడే ఆగడం. బయట పొద్దు వాలుతోంది.

“అవ్వ మరిసింది. ఇడిసిపెడ్దాం,” అన్నాడు భాను.

కావ్య కదలలేదు. అద్దంలోంచి చూస్తోంది. చరణం అయిపోగానే అవ్వ తల ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఎవరికోసమో చూస్తోంది. వాకిట్లో అవ్వ ఒక చరణం పాడితే, చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని అందుకుని తిరిగి పాడేవారు. అది విన్నాకే అవ్వ నోట రెండోది వచ్చేది.

“అవ్వ మరువలే. మనమే అందుకుంటలేం!”

తలుపు తోసుకుని వెళ్లి అవ్వ పక్కన నేల మీద చతికిలబడింది. “రాండ్రి ఇద్దరు!”

“గొంతులన్నీ కలిసిపోతయ్ అక్కా,” అన్నాడు రాజేష్.

“కలవాలనే!”

అవ్వ మళ్లీ ఎత్తింది. భాను గరగర గొంతుతో అందుకోగానే కత్తెర ఆపింది. “ఏందిరా కొడుకా, గొంతుల పిప్పి ఇరికిందా?”

“గదే మా బ్యాండ్ పేరు అవ్వా!”

“అయితే ఉమ్మేసి పాడు.”

ఇక పాట ఆగలేదు. అవ్వ ఎత్తడం, వీళ్లు అందుకోవడం. నడుమ కావ్య లేచి డ్రమ్ముల దగ్గరికి పోయి, కత్తెర చప్పుడుకు జోడీగా దరువు కలిపింది. గిటార్లూ అందుకున్నాయి. ఆ పాట వినడానికి గోడ మీద ఫ్యాన్ తిరగడం మానేసిందని రాజేష్ ఇప్పటికీ ఒట్టు పెడతాడు. పొద్దుగూకే వేళకు పాట పూర్తయింది.

“గిదే మొదటి పాట,” అన్నాడు భాను, ఎవరూ అడగకుండానే.

అవ్వ మాత్రం లేవలేదు. “ఇగ మీది ఎత్తుండ్రి. నేను అందుకుంట.”

“అది ఇంగ్లీషు అవ్వా!”

“నీ తెలుగును నేను ఓర్సుకోలేదా?”

కావ్య నవ్వుతూ కర్రలు పైకెత్తింది.