మాత్ర మానమన్న ఇద్దరూ

పాపకు మూడో నెల. తిరువూరులో మా అద్దె ఇంటి దొడ్లో గుడ్డలు ఆరేస్తుంటే పాలు మాడిన వాసన వచ్చింది. పొయ్యి మీద పాలే లేవు. ఆ వెంటనే ఎడమ భుజం వెనక నుంచి ఎవరో "కరుణా" అన్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. 

తర్వాత రెండుమూడు రోజులకోసారి అదే వాసన, అదే పిలుపు. మావారితో చెప్పి, డాక్టరుకు చూపించమన్నాను. ఆయన చర్చిలో సంఘపెద్ద. ఆదివారం విస్సన్నపేట నుంచి అన్నయ్య వచ్చాడు. సైన్సు మాస్టారు, దేవుడు లేడంటాడు. ఇంకేం, మొదలెట్టారు.

"దేవుడు పిలుస్తుంటే డాక్టరెందుకు బావా?" అన్నారు మావారు.

"దేవుడూ లేడు, పిలుపూ లేదు. మీ ప్రార్థనల్లో కేకలు విని విని బెదిరింది. భయం పోతే అదీ పోతుంది."

నాకేం వినపడుతోందో ఇద్దరికీ నాకంటే ముందే తెలుసు. నన్ను అడిగిందల్లా కాఫీ. ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు పక్కింటి ఫాతిమక్క నన్ను పట్టుకుని ఊపింది. "ఎక్కడికెళ్లావమ్మా? ఇందాకట్నుంచీ గుడ్లప్పగించి పెదాలు చప్పరిస్తున్నావు." నాకేమీ గుర్తులేదు. ఆమే పోరు పెట్టి మమ్మల్ని గుంటూరు పంపింది.

అక్కడి డాక్టరుగారు అడిగారు. "పిలిచేముందు ఏమవుతుందమ్మా? ఎటువైపు? ఎంతసేపు?" చెబుతూ ఏడ్చేశాను. తలకు వైర్లు అతికించి ఈఈజీ తీశారు. "టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీ. ఫిట్సులో ఒక రకం. ఫెనిటాయిన్ మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు" అన్నారు.

రెండు నెలలు వేసుకున్నాను. పిలుపు ఆగింది.

మా సంఘంలో స్వస్థత కలిగినవాళ్లు ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేనూ చెప్పాను. ఇంటికొచ్చాక మావారు, "సాక్ష్యం చెప్పిన నోటితో మాత్ర మింగితే ఏం బాగుంటుంది?" అన్నారు. అన్నయ్య ఏనాడూ లేనిది ఆయనతో కలిశాడు. "డాక్టరిచ్చిన ధైర్యానికే తగ్గింది. లేని జబ్బుకు మందెందుకు?" పాము ముంగిస ఒక్క మాట మీదకొచ్చాయంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

మానేసిన ఐదో రోజు పొద్దున్నే దొడ్లో పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్నాను. మాడిన వాసన. ఆ తర్వాత "కరుణా" అని, ఈసారి చెవికి ఆనుకుని.

కళ్లు తెరిచేసరికి కాళ్ల మీద పాప లేదు. ఫాతిమక్క పాపను తలకిందులుగా పట్టుకుని వీపు చరుస్తోంది. తూము పక్కన నిలిచిన నీళ్లలో ముఖం ఆని ఉందట. నీళ్లు కక్కి, కాసేపటికి ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా నేను బతికిలేను.

ఈసారి డాక్టరుగారు వాళ్లిద్దర్నీ నిలబెట్టి, "వాదించుకోండి, నాకేం. మాత్ర వేసుకున్నాక వాదించుకోండి" అన్నారు.

ఇప్పుడు పాప ఒకటో తరగతి. నేను రోజూ మాత్ర వేసుకుంటున్నాను, పిలుపు మళ్లీ రాలేదు. వాళ్ల వాదన మాత్రం ఆగలేదు. ఫాతిమక్కను దేవుడే పంపాడని మావారు. పక్కిల్లు కాబట్టి వచ్చిందని అన్నయ్య. ఆమెనడిగిన పాపాన ఇద్దరూ పోలేదు. ఆ రోజు ఎలా వచ్చావని నేనడిగాను.

"నువ్వే పిలిచావుగా, మా గుమ్మం దగ్గర నుంచుని. ఫాతిమా అని."

నేను ఆమెను అక్కా అనే తప్ప ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆ వేళ మా దొడ్లో స్పృహ లేకుండా పడి ఉన్నాను. ఈ సంగతి వాళ్లిద్దరికీ చెప్పలేదు. చెబితే చెరో జవాబు సిద్ధంగా ఉంటుంది.  

ఫిట్సున్న తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరు ఏ నమ్మకంతో చెప్పినా డాక్టరు మానమనేదాకా మాత్ర మానకండి, బిడ్డకు ఒంటరిగా నీళ్లు పోయకండి. పిలిచిందెవరో తేలేదాకా ఆగే తీరిక నీళ్లలో పడ్డ బిడ్డకు ఉండదు.