ఎండకు ఆరేసిన బాబాయి

కిందటి మాఘంలో ఒకరోజు మబ్బు పట్టిందని, కల్లంలో మిరపకాయల మీద పట్టలు కప్పి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం. కాసేపటికి మనుషుల్ని లెక్క చూసుకుంటే అమరేశ్వరరావు బాబాయి తగ్గాడు. పట్ట కింద నుంచి తుమ్ము వినిపించింది.

మా బాబాయికి ఉన్నది ఒకటే పిచ్చి: ఎండ. గురజాల పక్కన మా ఇద్దరి కల్లాలూ ఆనుకునే ఉంటాయి. పొద్దున పది కాగానే చొక్కా విప్పి గుంజకు తగిలించి, కాయల మధ్య దారి చేసుకుని పడుకునేవాడు. ఎర్రటి నీళ్ళ మీద పడవేదో తాడు తెంచుకుని తేలిపోతున్నట్టుండేది. ఘాటుకు మేమంతా దగ్గుతుంటే ఆయన కలలు కనేవాడు. మధ్యమధ్యలో, ఎవరో తిరగేసినట్టు, తనే రెండోవైపుకు తిరిగేవాడు.

"ఏంది బాబాయ్ ఇది?"

"డి విటమిన్ రా! నరసరావుపేట డాక్టరు చెప్పాడు. ఒంట్లో అది బాగా తగ్గితే తొడల్లో సత్తువుండదంట. ఎండ తగలాల, వారానికో పొట్లం పొడి తాగాల. పొడి ఒక్కటే చాలదంట, కండకి పని కూడా చెప్పాల."

ఆ చివరిదే నా ప్రాణం మీదికొచ్చింది. తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాతో పాటు నన్నూ పీట మీద కూర్చోబెట్టి, రోజూ "చెయ్యి ఆనించకుండా లేవండి!" అని కేకేసేవాడు. మొదటిరోజు నేను లేచాను. కాలి కింద చిక్కుకున్న లుంగీ లేవలేదు.

ముఠా మేస్త్రి మా రామాయమ్మ పిన్నే, బాబాయి భార్య. "ఈయనకి పిచ్చి, నీకు సిగ్గులేదు, సరిపోయార్రా!" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ, పక్కనున్న గుంజ పట్టుకుని లేచింది.

ఆదివారం వస్తే మందు పండగ. బాబాయి పాలలో పొడి కలిపి, "చక్కెర చాలిందేమో చూడవే" అని పిన్నికిచ్చేవాడు.

"చాల్లేదు."

"ఇంకో గుక్క చూడు."

గ్లాసు ఖాళీగా తిరిగొచ్చేది. "మందు గూడా మిగల్చవు గదే!" అని ఆయన చెంచా నాకేవాడు.

ఎనిమిదో ఆదివారం పిన్ని కాయల బుట్ట చంకనెత్తుకుని, గుంజ ముట్టకుండా, పీట మీద నుంచి లేచింది. బాబాయి చప్పున అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడే గుంజకున్న ఆయన చొక్కా గాలికి జారి, జేబులోంచి డాక్టరు చీటీ నా కాళ్ళ దగ్గర పడింది. దాని మీద పేరు రామాయమ్మ.

"మెల్లగా చదవరా!" అన్నాడు బాబాయి. "పీట మీంచి లేవలేకపోతందని తెలిస్తే ముఠా ఇంకోళ్ళ చేతికిస్తారని ఒకటే దిగులు. నలుగురూ చూస్తారని డాక్టరు చెప్పిన కసరత్తు చెయ్యదు, మందు ముట్టదు. అందుకని రోగం నా మీదేసుకున్నా."

"నాకన్నా చెవిలో చెప్పుండొచ్చుగా బాబాయ్! రెండు నెలలు అంతమంది ఆడోళ్ళ ముందు నా పరువు పోయిందే!"

బాబాయి ఎండలో కళ్ళు మూసుకున్నాడు.

"చెప్తే నువ్వు మానేసేవోడివి, అప్పుడు మీ పిన్ని ఎవుర్ని జూసి నవ్వుకుంటా లేచేదిరా?"