గోడ మీద గిల్బర్ట్ పేరు

మే నెలలో గాలి ఆగ్నేయానికి తిరిగి, దానికి సన్నటి తుంపర తోడైతే సుల్సే దీవిలో గొర్రెలవాళ్ళంతా ఆకాశాన్ని తిట్టుకుంటారు. గిల్బర్ట్ లింక్లేటర్ ఒక్కడే పెళ్ళికొడుకులా ముస్తాబై బయటికొస్తాడు. ఉత్తరానికి పోయే పిట్టలు ఆ గాలికి దారి తప్పి, తడిసి ముద్దై, సముద్రం మధ్యలో కనిపించిన మొదటి గడ్డ మీద వాలతాయి. ఆ గడ్డ సుల్సే. పిట్టలకు దిక్కుతోచని రోజు గిల్బర్ట్‌కి పండగ.

ఉద్యోగం ఏమిటంటే రేవులో పడవ తాళ్ళు కట్టడం. పడవవాడు తాడు విసురుతాడు, దాన్ని అందుకుని ఇనుప గుంజకు చుట్టాలి. ఆ పని గిల్బర్ట్ ఆకాశం వంక చూస్తూ చేసేవాడు, అందుకే పడవ ఒక్కోసారి గోడకు గుద్దుకునేది. అతని దృష్టిలో అసలు పని పిట్టలకు రింగులు వేయడం. పొదల మధ్య కంటికి ఆనని సన్న వల కట్టి, పడ్డ పిట్టను నలగకుండా తీసి, కాలికి నంబరున్న రింగు తొడిగి, రెక్క కొలిచి, తూచి, వదిలేయాలి. ఆ తర్వాత ఆ పిట్ట ఏ దేశంలో ఎవరికి చిక్కినా నంబరు చూసి ఎక్కడిదో చెప్పేస్తారు. దీనికి లైసెన్సు ఉండాలి. దీవి మొత్తానికి అది అతనొక్కడికే ఉంది. దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు. అమ్మానాన్నల పెళ్ళి ఫొటో దాని కింద వేలాడుతుంది.

వసంతంలో పిట్టలు చూడ్డానికి వచ్చేవాళ్ళు అతని కంటికి ఆనేవారు కారు. ఎవరైనా దుర్భిణీ దించి, "అదేం పిట్టండీ?" అని అడిగితే, "మీరు చెప్పండి చూద్దాం" అనేవాడు. వాళ్ళు భయపడుతూ ఏదో చెబితే, "అలా అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నార్లెండి" అని చక్కా పోయేవాడు. దూరం నుంచి చూసి పేరు చెప్పడం సోది చెప్పడమేననీ, చేతిలో పట్టి చూసినవాడిదే మాటనీ అతని సిద్ధాంతం. నాకు తెలియదు అన్న మాట అతని నోట దీవిలో ఎవరూ వినలేదు.

ఇంత ఘనుడికీ మనసులో ఒక పుండుంది. ఊరి హాల్లో, టీ బల్ల పైన, గోడకు ఒక నల్ల బోర్డు ఉంది. సుల్సేలో మొట్టమొదటిసారి కనిపించిన పిట్ట పేరు, దాన్ని కనిపెట్టినవాళ్ళ పేరు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. హనీమూన్‌కి వచ్చిన పళ్ళ డాక్టరు పేరు ఉంది. రొట్టెల కొట్టు ఈనా పేరు ఉంది. సమాధి దగ్గర ప్రార్థన మధ్యలో తలెత్తి, ఒక పచ్చపిట్టను చూసి, ఆమెన్ చెప్పడం మరిచిపోయిన పాదిరిగారి పేరు కూడా ఉంది. గిల్బర్ట్ పేరు లేదు. ముప్పై ఏళ్ళుగా అతను ఆ హాల్లో బోర్డుకు వీపు పెట్టి టీ తాగుతున్నాడు.

ఆ ఏడు మే ఆఖరున ఒక గురువారం, అక్క థోరా పెంచుకుంటున్న రూబార్బ్ అనే పుల్లకాడల మొక్కల మడిలోంచి చప్పుడు వినిపించింది. నాలుకతో చప్పరించినట్టు టక్కు, టక్కు. గిల్బర్ట్ బురదలో బోర్లా పడుకుని ఆ వెడల్పాటి ఆకుల సందుల్లోంచి చూశాడు. ఒక మట్టిరంగు వీపు, పొట్టి రెక్క, ముక్కు. కాళ్ళు కనిపించలేదు. అయినా అతనికి అది చాలు. అది బ్లైత్ రెల్లుపిట్ట.

మామూలు రెల్లుపిట్టా మట్టిరంగే, బ్లైత్ రెల్లుపిట్టా మట్టిరంగే. రెండోది చలికాలమంతా మన జామచెట్లలో టక్కుటక్కుమంటూ తిరుగుతుంది. మనవాళ్ళు దాని వంక తలెత్తి కూడా చూడరు. సుల్సేలో మాత్రం అది ఇంతవరకు ఎవరికీ కనిపించలేదు, దాని కోసం చదువుకున్న పెద్దమనుషులు పడవ అద్దెకు తీసుకుని, దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ వస్తారు. గిల్బర్ట్ ఫోన్లు చేశాడు. శనివారానికి వాళ్ళు దిగారు. మొదటగా దిగినవాడు హంఫ్రీ పెల్. దక్షిణాన నార్ఫోక్ నుంచి వచ్చాడు. ఏ పిట్టను ఒప్పుకోవాలో, దేన్ని కొట్టేయాలో తేల్చే పెద్దల్లో ఒకడు. అంతకుముందు గిల్బర్ట్ రాసి పంపిన పిట్టల వివరాలన్నిటినీ కొట్టేసింది ఆయనే.

జనం గోడ దూకి మడి చుట్టూ మూగారు. థోరా సూపు గరిటెతోనే బయటికొచ్చింది.

"ఒరేయ్, నా రూబార్బ్‌ని తొక్కి పచ్చడి చేస్తున్నార్రా."

"అక్కా, ఇవాళ ఏమీ అనకే."

"ఇవాళ అనకపోతే రేపు మొలుస్తాయా అవి? మట్టిరంగు పిట్ట కోసం ఇంతమందా? అడిగితే పొయ్యి వెనకాల ఎలకని చూపించేదాన్ని కదా."

పెల్ దుర్భిణీ దించాడు. "గిల్బర్ట్ గారూ, మీకు చెప్పేంతవాణ్ణి కాను. నాకు మాత్రం మామూలు రెల్లుపిట్టలాగే ఉందండి."

"దూరం నుంచి మీకేదైనా కనిపిస్తుంది. వల కడతాను. చేతిలో పట్టి చూపిస్తాను. అప్పుడు మాట్లాడదాం."

"అంతకన్నానా."

వల కట్టిన కాసేపటికే పిట్ట పడింది. గిల్బర్ట్ దాన్ని గుడ్డ సంచిలో వేసుకుని రింగుల గుడిసెలోకి నడిచాడు. పట్టాభిషేకానికి వెళుతున్నవాడి నడక అది. జనం తలుపు దగ్గరా కిటికీ దగ్గరా ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కారు. థోరా ఎప్పటిలాగే పెన్ను తీసి బల్లకు అవతల కూర్చుంది. అతను పైకి చదవాలి, ఆవిడ అదే మాట తిరిగి చెప్పి రాయాలి. ఆ పద్ధతి వాళ్ళెప్పుడూ తప్పలేదు.

సంచిలోంచి పిట్ట బయటికి రాగానే కిటికీ దగ్గరి మనిషి అరిచాడు. "దీనికి రింగుంది."

గుడిసెలో కలకలం లేచింది. ఫిన్లాండుదన్నారొకరు. రష్యాదన్నారింకొకరు. గిల్బర్ట్ ముఖం వెలిగిపోయింది. బ్లైత్, అందులోనూ విదేశీ రింగు. అతను పిట్ట కాలిని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పి నంబరు చూశాడు.

అది అతని రింగే. రింగులు వరసనంబర్లతో తీగకు గుచ్చి వస్తాయి. ఆ వారం వాడుతున్న తీగలోదే ఇది. ఆదివారం మధ్యాహ్నం తనే వేశాడు. ఆ రోజు పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది, థోరా రెండుసార్లు పిలిచింది, సంచిలో ఇదే ఆఖరి పిట్ట. అతను దాని వంక సరిగ్గా చూడను కూడా లేదు. "రెల్లుపిట్ట" అన్నాడు, "రెల్లుపిట్ట" అని థోరా రాసింది. కొలవలేదు. కిటికీలోంచి వదిలేసి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

గిల్బర్ట్ ఇప్పుడు రెక్కను కొద్దిగా విప్పి చూశాడు. ఈకల పొడుగు, వాటి అంచున నొక్కు, అన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. ఇది బ్లైతే, అనుమానం లేదు. స్కేలు పెట్టి కొలిచి, పైకి చదివితే చాలు, పెల్ నోరు మూతపడుతుంది, బోర్డు మీద పేరు ఎక్కుతుంది. కానీ రింగు నంబరు కూడా చదవాలి. చదివితే, చేతిలో పట్టి చూసినవాడిదే మాటని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి, ఇదే పిట్టను ఇదే చేత్తో పట్టుకుని పోల్చుకోలేకపోయాడని ముప్పైమంది వింటారు.

"చదవరా" అంది థోరా.

"ముందు రెక్క కొలవండి" అన్నాడు పెల్.

గిల్బర్ట్ వేళ్ళు సడలించాడు. పిట్ట జనం తలల మీదుగా తలుపులోంచి దూసుకుపోయి, గోడ దాటి, సముద్రం వైపు మాయమైంది.

"జారింది" అన్నాడు.

వచ్చినవాళ్ళలో ఒకతను పడవలో పడ్డ అవస్థ గుర్తొచ్చి ఏడ్చినంత పని చేశాడు.

"అయ్యో పాపం" అన్నాడు పెల్, ఏమాత్రం పాపం అనుకోకుండా. "మరైతే రెల్లుపిట్ట అని రాసుకుందామాండి?"

"రాసుకోండి" అన్నాడు గిల్బర్ట్.

పడవ వెళ్ళిపోయాక థోరా సూపు గిన్నె తోముతూ అడిగింది. "ఒరేయ్, అది జారిందా, నువ్వు జార్చావా?"

"జారిందే."

"ఇన్నేళ్ళు నీకెదురుగా కూర్చుని రాశాను. నీ చేతిలోంచి పిచ్చుక కూడా జారలేదు. ఏం చూశావురా దాని కాలికి?"

"ఏమీ లేదన్నానుగా."

"సరే, ఏదో పొరపాటు చేసుంటావు. చెప్పేస్తే పోయేది. పొరపాటు అందరూ చేస్తారు."

"అందరూ చేస్తారు. నేను చేయను" అని అతను పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. పక్కనున్న హంబ్లా దీవి నుంచి, బడిపంతులమ్మ జెస్సీ పీటర్కిన్. రింగులు వేయడం ఆవిడకు నేర్పింది గిల్బర్టే. నేర్పినన్నాళ్ళూ ఆవిడ కొలతలకు వంకలు పెట్టి ఏడిపించాడు.

"గిల్బర్ట్ గారూ, మీ రింగున్న పిట్టొకటి మా వలలో పడిందండి. నంబరు చదువుతాను, తిరిగి చెప్పండి."

ఆవిడ చదివింది. గిల్బర్ట్ నోరు అలవాటుకొద్దీ తిరిగి చెప్పింది. చెప్పాక గానీ ఆ నంబరేమిటో బుర్రకెక్కలేదు.

"మీరు దీన్ని ఏమని రాశారండీ?"

అబద్ధం చెప్పడానికి వీల్లేదు. ఆ రింగుల లెక్క అక్క చేతిరాతతో ఎప్పుడో టపాలో రింగుల ఆఫీసుకు వెళ్ళిపోయింది. "పోయిన ఆదివారం, రెల్లుపిట్ట అని."

"రెక్క కొలవలేదాండి?"

"లేదు."

"అదేంటండీ, కొలవకుండా పేరు చెబితే మీరు నన్ను..." అని ఆవిడ ఆగిపోయింది. "ఇది బ్లైతండీ. మూడుసార్లు కొలిచాను. చూస్తే తెలిసిపోతోంది కదా, మీకెలా తెలియలేదు?"

అటునుంచి నవ్వులు వినిపించాయి. ఒక్కరివి కావు. గాలి ఎక్కువై పడవ రాత్రికి హంబ్లాలోనే ఆగిపోయిందని, ఆ ముప్పైమందీ జెస్సీ వెనకాలే నిలబడి ఉన్నారని అప్పుడర్థమైంది. పెల్ ఫోను అందుకున్నాడు.

"గిల్బర్ట్ గారూ, అభినందనలండి. సుల్సేకి మొదటి బ్లైత్ మీదే. పోయిన ఆదివారం నాడే పట్టేశారు కదా. బోర్డు మీద మీ పేరే ఎక్కాలి."

"నా పేరు వద్దండి."

"అదెలా కుదురుతుంది? రింగు మీరు వేసిందే. మీరు కాదన్నా రూలు ఒప్పుకోదు. రెల్లుపిట్ట అనుకుని వేశారని పక్కన చిన్న అక్షరాలతో రాయిస్తాం. పూర్తి వివరం ఉండాలి కదాండి."

గిల్బర్ట్ ఫోను పెట్టేసి, అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. థోరా వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఎవర్రా?"

"పెల్. బోర్డు మీద నా పేరు రాయిస్తార్ట."

"నిజంగానా?" ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. ఆవిడ ముఖంలో అంత సంతోషం అతను ఏళ్ళ తరబడి చూడలేదు. "ఎన్నాళ్ళకిరా. మరి శవం దగ్గర కూర్చున్నట్టు ఆ ముఖమేమిటి?"

గిల్బర్ట్ చెప్పాడు. పోయిన ఆదివారం సంగతి, మటన్ సంగతి, రింగు సంగతి, పక్కన రాయబోయే చిన్న అక్షరాల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. థోరా పెదవి బిగపట్టి చివరిదాకా విన్నది. తమ్ముడి మీద జాలి లేకపోలేదు. కానీ ఎంత ఆపుకున్నా ఆగక, కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. సుల్సేలో మొదట నవ్వింది ఆవిడే.