ఎర్రలాంతరు, జప్తయిన నక్షత్రం

సర్వజిత్తు, మాఘ బహుళ పంచమి, సూర్యాపేట: మా డాబా మీద నుంచి నా పరిశీలన పుస్తకాన్ని జప్తు చేశారు. రసీదు ఇచ్చారు.

సర్వధారి, కార్తీక శుద్ధ దశమి, కోదాడ: ఠాణా కాగితాలు ఇక్కడికి చేరాయంటే వచ్చి పుస్తకం అడిగాను. మిర్యాలగూడ దఫ్తరుకు పొమ్మన్నారు.

విరోధి, వైశాఖ శుద్ధ సప్తమి, మిర్యాలగూడ: అటువంటి పుస్తకమే లేదన్నారు. లేని పుస్తకానికి రసీదు ఎలా వచ్చిందని అడిగితే, రసీదునూ ఉంచేసుకున్నారు.

నడుమ సర్కారు మారింది. మిర్యాలగూడ దఫ్తరులో పాత గుమాస్తా మారలేదు, ఆయన ఆవులింతా మారలేదు.

హఠాత్తుగా పేలి, కొద్దిరోజుల్లో ఆరిపోయే నక్షత్రాలను అధ్యయనం చేయడమే నా ఉద్యోగ జీవితమంతా. వాటిలో మొదటిది ఆ పుస్తకంలో ఉంది. అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. మృగశిరకు తూర్పు పక్కన అంతకుముందు లేని చుక్క కనబడింది. మూడు సాయంత్రాలు ఇరుగుపొరుగు చుక్కలతో దాని వెలుగును పోల్చి రాశాను. తెల్లని దీపం చీకటికి అలవాటుపడిన చూపును చెదరగొడుతుంది కనుక లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టాను. ఎర్రజెండా వాళ్ల కోసం పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్న సూర్యాపేటలో! నా తెలివికి వేరే నిదర్శనం అక్కరలేదు.

నాలుగో సాయంత్రం పోలీసు ఠాణా అధికారి అమీను ఒక జవానుతో మెట్లెక్కి వచ్చాడు.

“ఎవనికిరా సైగ జేస్తున్నవ్?”

“ఎవలకు గాదు దొరా. కొత్త సుక్కను రాసుకుంటున్న.”

పుస్తకం నా చేతే చదివించాడు: “మొన్నటిదాకా లేదు. తూర్పున వచ్చింది. నేడు బలం పుంజుకుంది.”

“మొన్నటిదాంక యాడ దాగిండు వాడు?”

“దాగలే దొరా, పేలింది.”

“పేలిందా!” జవాను తుపాకీ సర్దుకున్నాడు. “ఇది ఎవని జెండారా?” అంటూ అమీను లాంతరు మీది ఎర్రగుడ్డను ఊడలాగాడు.

కింది నుంచి అమ్మ కేకేసింది: “అయ్యా, అది జెండా గాదు, నా పాత రైక! ఇడిసిపెట్టుండ్రి!”

అమీను గుడ్డను చప్పున వదిలేశాడు. పుస్తకాన్ని వదలలేదు.

ఇతర దేశాలవారు గమనించేసరికి ఆ చుక్క మసకబారుతోంది. అది వెలుగు పుంజుకోవడం చూసినవాణ్ణి, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్ణే. జ్ఞాపకం నుంచి రాసిన వ్యాసాన్ని ఖగోళ పత్రికలవారు “మూలపత్రం ఏదీ?” అంటూ రెండుసార్లు తిప్పి పంపారు. వారిది తప్పనను, నేనైనా తిప్పి పంపేవాణ్ణి.

కనుక ఆ దఫ్తరు కాగితాలు నేడు ఎవరి అధీనంలో ఉంటే వారిని కోరుతున్నాను: పుస్తకం ఉంటే ఇవ్వండి. తగలబెట్టి ఉంటే ఏనాడు, ఎవరి ఉత్తరువుపై తగలబెట్టారో తెలపండి. చెదలు తిని ఉంటే అదీ తెలపండి. జవాబు లిఖితపూర్వకంగా, సంతకంతో రావాలి. నోటిమాట చెల్లదు.